చెదలు తిన్న చోట చిన్నమ్మ చదివింది

రూతమ్మ చిన్నమ్మ చనిపోయిందని నాకు మొదట చెప్పింది ఆమె పక్కింటి సువర్ణ. మంథని బస్సు దిగి, మంచిర్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా గడపలోనే కూర్చుంది. నా ఫోన్ కలవలేదని, సమాధి కూడా అయిపోయిందని చెప్పి, గొంతు తగ్గించింది. "పాస్టర్ అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం మంచం కాడికే తెచ్చిండక్కా. మొకం గోడ దిక్కు తిప్పుకున్నది గని ముట్టలే. ఏం పాపం చేసిందో అని ఊరంత గదే ముచ్చట." తర్వాత సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. ముడి విప్పగానే పొగాకు ఘాటు ముక్కుకు తగిలింది, దాని వెనకాలే తడి తునికాకు వాసన, మా పాత ఇంటి అరుగు.

చిన్నప్పుడు పోలియోతో నా కుడికాలు చచ్చుపడింది. బడి పక్క ఊళ్లో ఉండేది. అవ్వకు, అంటే మా అమ్మకు, చెల్లెలైన చిన్నమ్మ పెళ్లి చేసుకోకుండా మాతోనే ఉండేది, ఆమే నాకు బడి. మిషన్ హాస్టల్లో చదువుకుని, బంగళాలో ఒక డాక్టరమ్మ దగ్గర చాలాకాలం పనిచేసింది. ఆ దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఒక పెట్టెడు ఇంగ్లిషు నవలలు చిన్నమ్మకు వదిలిపెట్టింది. పొయ్యి దగ్గర బొగ్గుముక్కతో అక్షరాలు, పత్తి ఏరుతూ ఎక్కాలు, పడుకునే ముందు కీర్తనలు, ఆ నవలల మీద వేలు పెట్టించి ఇంగ్లిషు, అన్నీ ఆమె పెట్టిన భిక్షే. దేవుడు నా కాలు తీసుకుని ఆమెను ఇచ్చాడని ఇప్పటికీ కృతజ్ఞతతోనే అనుకుంటాను.

మధ్యాహ్నాలు మా అరుగు నిండిపోయేది. ఎండాకాలం తడి గోనెలో చుట్టిన తునికాకు చల్లదనం, వానాకాలం చూరు నీళ్ల చప్పుడు, క్రిస్మస్ ముందు సకినాల నువ్వుల వాసన, వీటన్నిటి మధ్య ఒళ్లో చాటలు పెట్టుకుని ఆడవాళ్లు బీడీలు చుడుతుంటే, చిన్నమ్మ పుస్తకంలోకి చూస్తూ మన మాటల్లో కథ చెప్పేది. అన్నీ రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు కథలే. కొవ్వొత్తుల వెలుగులో నాట్యాలు, మోచేతుల దాకా తొడుగులు, పెళ్లీడు పిల్లల్ని పట్నానికి తీసుకెళ్లి నలుగురికీ చూపించే నెలలు. గుర్రపు బండి ఆమె నోట కచ్చురం అయ్యేది. కొడుకుల్లేని తండ్రి చనిపోతే ఇల్లు పాలివాళ్లకు పోయి, కూతుళ్లు వీధిన పడ్డారని చెప్పినప్పుడు మాత్రం ఎవరికీ విడమర్చే అవసరం రాలేదు, కత్తెరలు వాటంతటవే ఆగిపోయేవి. పొరుగింటి లచ్చవ్వకు నాట్యాల మీదే అనుమానం. "పరాయి మొగోడు చెయ్యి వట్టి తిప్పుతుంటే, పిల్ల అవ్వ కుర్చీల కూసోని ఇసురుకుంటున్నదా? మంచి అవ్వే."

అందరికన్నా ఎక్కువగా వినేది ఎస్తేరమ్మ. మస్కట్ పోయిన భర్త దగ్గర్నుంచి మొదట్లో అతని మాటలు నింపిన క్యాసెట్లు వచ్చేవి, తర్వాత కబురే లేదు. అప్పట్లో చిన్నమ్మ చెబుతున్న, ఇప్పుడు నా ఒళ్లో ఉన్న ఈ పుస్తకంలో హెలెన్ అనే పిల్ల, యుద్ధానికి సముద్రం దాటిపోయిన కెప్టెన్ కోసం ఎదురుచూస్తుంటుంది. ఎస్తేరమ్మకు ఆమె హెలనమ్మ అయింది, అతను కప్తాను అయ్యాడు. ఒక బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుండగా, మనవులు ఉంటే చెప్పమని అయ్యగారు అడిగితే, ఎస్తేరమ్మ కొంగు కప్పుకుని లేచి, పరదేశం పోయిన కప్తాను పైలంగా ఇల్లు చేరాలని ప్రార్థించమంది. అయ్యగారు మోకరించి, అతని పేరు పెట్టి, చెమటలు పట్టేలా ప్రార్థన చేశారు. చాయ్ తాగేటప్పుడు ఆ అబ్బాయిది ఏ ఊరి సంఘమని అడిగారు. "మస్తు దూరం అయ్యగారూ, బస్సు పోదు" అన్నది లచ్చవ్వ. ఎవరూ నవ్వలేదు.

అయితే ఆ పుస్తకం చివరి పేజీలను చెదలు తినేశాయి. ఆ సంగతి చిన్నమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. అందుకే ఆమె కథను సాగదీసేది, ఒక విందును వారం చెప్పేది. ఈలోగా ఎస్తేరమ్మ దగ్గులో నెత్తురు పడటం మొదలైంది. వేప పూత రాలే రోజుల్లో మంచం పట్టింది. చిన్నమ్మ పుస్తకం తీసుకుని, నన్ను చంకన ఎత్తుకుని వెళ్లింది.

"అక్కా, కప్తాను వచ్చిండా? నాకు గదొక్కటి చెప్పు."

సొంతంగా ఒక్క మాట కల్పించి ఎరగని మనిషి చిన్నమ్మ. కథలో తెలియని చోట తెలియదనే చెప్పేది. ఆ రోజు మాత్రం చెదలు తిన్న అంచు దాటి, వెనక ఖాళీ అట్ట మీద వేలు పెట్టి చదివింది. వాన వెలిసిందట, వాకిట్లో కచ్చురం ఆగిందట, కప్తాను కుంటుకుంటూ దిగి, హెలనమ్మ పేరు పిలిచాడట. నేను ఆ అట్టనూ చూశాను, ఆమె ముఖాన్నీ చూశాను. ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని, "గట్లనా" అన్నది. ఆ వారంలోనే పోయింది. ఆమె భర్త రాలేదు.

ఆ నెల సంస్కారం ఆదివారం, గుడిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తుంటే చిన్నమ్మ చాప మీద నుంచి లేవలేదు. ఇంటికొచ్చాక, రొట్టెలు కాలుస్తున్న ఆమెను ఎందుకు వెళ్లలేదని అడిగాను.

"తప్పని తెలుసు బిడ్డా. దేవుని పేరు తలుసుకుంట పానం ఇడిసే మనిషికి అబద్ధం చదివిన. కని తప్పు చేస్తినే అని దుఃఖం రాలే. మళ్ల అడిగితే మళ్ల గట్లనే చదువుత. గిట్ల మనసుల పెట్టుకొని బల్ల కాడికి ఎట్ల పోను?"

ఆ తర్వాత ఆమె కథలు చెప్పలేదు. నా పెళ్లయ్యాక ఊరికి వెళ్లినప్పుడల్లా, ఆ దుఃఖం వచ్చిందా అని అడిగేదాన్ని. రొట్టె మీద నుంచి కళ్లెత్తకుండానే "ఇంకా రాలే" అనేది. ప్రార్థన మానలేదు, గుడి ఊడ్వడం మానలేదు, ఒక్క బల్ల దగ్గరికే పోలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు. బంగళా చోట షాపులు లేచాయి. లచ్చవ్వ కోడళ్లు మధ్యాహ్నాలు తలుపులేసుకుని టీవీ చూస్తారు. సువర్ణ వెళ్లిపోయాక పుస్తకం వెనక అట్ట మీద నేనూ వేలు పెట్టి చూశాను. చిన్నమ్మ వేలు ఆగిన చోటు నాకు తెలుసు. అక్కడ ఏమీ లేదు, రవ్వంత పొగాకు పొడి తప్ప.

ఇది రాసి, ఆమె ఏం పాపం చేసిందో ఊరికి చెప్పాను. ఇక చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి మీరు బల్ల దగ్గరికి వెళ్లి చేతులు చాచినప్పుడు, ఆ అలవాటు లేనివాళ్లైతే కంచం ముందు కూర్చున్నప్పుడు, మా రూతమ్మ చిన్నమ్మను ఒక్కసారి తలుచుకోండి.