నైజీరియా అక్క పెట్టెలో తగ్గిన రొయ్యలు

మొన్న శుక్రవారం హూరాలో మా వీధి చివర ఆఫ్రికా సామాన్లు అమ్మే చిన్న కొట్టు ముందు నుంచి వస్తూ, నా దారిన నేను పోకుండా లోపలికి తొంగి చూశాను. తొంగి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. గల్లాపెట్టె పక్కన మేకుకి వేలాడదీసిన పొట్లాల్లో చిటికెన వేలి గోరంత రొయ్యలు, పొగకి ఎండి రాగిరంగు తిరిగినవి, కనిపించాయి. పొట్లం మీద రంగుల బొమ్మ, వెనకాల గడువు తేదీ, అంచున గట్టి సీలు. ఒకటి కొనుక్కుని, ఇంటిదాకా ఆగలేక, మా బిల్డింగు మెట్ల మీదే నిలబడి పళ్ళతో అంచు చింపి వాసన చూశాను. ఇక అంతే, నేను మొదట పనికి కుదిరిన రిఫాలోని ఆ పెద్ద ఇల్లూ, వంటింటి వెనక మా ఇద్దరి గదీ, మంచం కింద నైజీరియా అక్క పెట్టే వరసగా గుర్తుకొచ్చి, పైకెక్కడం మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను.

నాకు అనుమానం ఎక్కువ. దాచుకోవాల్సిన సంగతేమీ కాదు, నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. పాలావిడ పాలు పోస్తుంటే గిన్నెలోకి కాక ఆవిడ కొలతపాత్ర అడుగులోకి చూసే మనిషిని. పెళ్ళిచూపులకొచ్చిన మా ఆయన కుంటుతాడేమోనని మంచినీళ్ళ వంకన వీధరుగు దాకా నడిపించి చూసిన మనిషిని. అలాంటిదాన్ని గల్ఫుకొచ్చి పడ్డాక ఇంకెలా తయారయ్యుంటానో, నాలాగే ఏజెంటు మాటలు విని విమానమెక్కిన మన ఈడు ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క ఇల్లే అంటాడు, తీరా వస్తే అత్తగారిల్లూ ఆడబడుచు ఇల్లూ కూడా తుడవాలి. అందుకని రిఫాలో ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు, ఒకే గదిలో నాతో పాటు ఎవరో నల్లటి పొడుగాటి మనిషి ఉంటుందని చెప్పగానే, నా గాజులు తీసి జాకెట్లో దోపుకున్నాను. ఆవిడ కూడా నన్ను చూడగానే తన సబ్బు తీసి దిండు కింద పెట్టుకుంది. అలా మొదలైంది మా స్నేహం.

ఆవిడ నాకంటే పెద్దది గనక అక్కా అనేదాన్ని. వంటా, ఇల్లు తుడవడం ఆవిడ డ్యూటీ. మేడం వాళ్ళ అమ్మగారిని కనిపెట్టుకుని ఉండటం నాది. ముసలావిడని ఇంటిల్లిపాదీ మామా అనేవారు, అంటే అమ్మ అని. మాకూ అదే అలవాటైంది. మా అక్కాచెల్లెళ్ళ మధ్య భాషంటూ ఒకటి లేదు, అరబ్బీ ముక్కలు నాలుగు, ఇంగ్లీషు ముక్కలు నాలుగు, మిగతాదంతా చేతులూ కళ్ళూ. అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే వినపడతాయి, ఎందుకో.

అక్క మొదటిసారి సెలవుకెళ్ళి తిరిగొచ్చిన రోజు పెట్టె విప్పుతుంటే, నేను మంచం మీద అటు తిరిగి పడుకుని, అద్దంలోంచి అంతా చూశాను. సామాను సర్దడమంటే నాకూ తెలుసు. ఆవకాయ సీసా మూతకి మైనం పెట్టి, కవరు మీద కవరు వేసి, పాత తువ్వాలు చుట్టి, మీదుగా ప్లాస్టర్లు అంటించి తెచ్చుకున్న చేతులివి. మసాలాలో గసగసాలుంటే జైలేనని ఎవరో భయపెడితే, బయల్దేరే రోజు పొద్దున్న కూర్చుని పొట్లాలన్నీ విప్పి జల్లెడ పట్టించిన మనిషిని. కానీ అక్క పనితనం వేరు. ఒక్కో దినుసుకీ రెండేసి కవర్లు, గాలంతా పిండేసి, కొవ్వొత్తి మంట మీద అంచు కాల్చి అతికించినవి. ఆ పొట్లాల్ని పువ్వుల గుడ్డల్లో చుట్టి, చిన్నవాటిని చెప్పుల్లో కూరింది. ఎర్రటి నూనె సీసాకి పసిపిల్లల డైపరు తొడిగింది, కారినా బట్టలకి అంటకుండా. పచ్చగా రవ్వలాంటిదొకటి తీస్తే అదేం మందోనని అద్దంలోకి ఇంకాస్త తల సాచాను. గర్రీ అంటారట, తీరా విడమర్చి అడిగితే మన పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే కర్రపెండలమే. ఒలిచిన పుచ్చగింజలు, ఎండు మిరపకాయలు, కట్టెలా బిగిసిన చేప ముక్కలు. అన్నిటికన్నా అడుగున, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు, ఎండు రొయ్యల మూట.

ఆ వాసనకి నేను ఇటు తిరక్క తప్పలేదు. మా అమ్మ అంతర్వేది వైపు ఎండు రొయ్యలు తట్టలో పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మేది. నేను పుట్టాక పీల్చిన మొదటి గాలి ఆ తట్టదే అయ్యుంటుంది. నా నోరూరిన సంగతి ఆవిడ చూసింది. చూసి, మూటకి ఇంకో ముడి వేసింది. మళ్ళీ సెలవొచ్చేదాకా రావాల్సిన రొయ్యలవి, చారులో రోజుకో చిటికెడు చొప్పున. ఆవిడ పెట్టలేదు, నేను అడగలేదు. దారిలో ఎక్కడో పెట్టె తాళం ఊడిపోయిందని మాత్రం, దాన్ని మంచం కిందకి తోస్తూ తనలో తాను గొణుక్కుంది.

కొన్నాళ్ళకి రొయ్యలు తగ్గడం మొదలైంది.  అక్క ముందు మూట ముడి మార్చింది, తర్వాత ముడిలో తన తల వెంట్రుక ఒకటి దోపి చూసుకుంది, ఆ తర్వాత నేను మాట్లాడుతుంటే దగ్గరికొచ్చి నా నోటి వాసన చూడటం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు అన్నాలు తింటుండగా కంచం పక్కన పెట్టి సూటిగా అడిగేసింది.

"నా పెట్టెలో చెయ్యి పెడుతున్నది ఎవరు?"

"నన్నడుగుతావేంటి? మా ఇంట్లో తట్టలకి తట్టలు రొయ్యలు చూసినదాన్ని, నీ గుప్పెడు రొయ్యలకి కక్కుర్తి పడతానా? నా మొహం అలా కనపడుతుందా నీకు?" అన్నాను, అంతా తెలుగులోనే. మాటలు అర్థం కాకపోయినా, మొహం ఎలా ఉందో ఆవిడకి కనిపించే ఉంటుంది.

ఆ రోజు నుంచీ కలిసి తినడం మానేశాం. పైకి ఎంత ఎగిరినా నాకు లోపల భయమే. ఈ దేశంలో పరాయింట్లో దొంగతనం అన్న మాట ఒక్కసారి మేడం చెవిన పడితే, ఎవరు తీశారు, ఏం తీశారు, రొయ్యలా రవ్వలా అని విచారించేవాళ్ళెవరూ ఉండరు. ఖలాస్, పెట్టె సర్దుకోమంటారు. ఇంటి దగ్గర పిల్లాడి చదువు సగంలో ఉంది. దొంగ అన్న పేరు మోసుకుని అంతర్వేది బస్సు దిగడం కన్నా ఆ సముద్రంలో దిగడం నయమనిపించేది. డ్రైవరు భాయ్ మీద అనుమానపడ్డాను, అతను గుమ్మం దాటి లోపలికే రాడు. పిల్లేమో అనుకున్నాను, పిల్లి ముడులు వేయదు. చివరికి అక్క మీదే పడింది నా అనుమానం: తనే తినేసి, నా మీదకి తోసి, నన్ను పంపించేసి ఆ చోటులోకి వాళ్ళ చెల్లెల్ని తెచ్చుకోవాలని చూస్తోందని. చెల్లెలికి ఎక్కడైనా పని చూడమని వాళ్ళ వాళ్ళు అడుగుతున్నట్టు ఫోన్లో మాటల వల్ల పసిగట్టాను మరి. దాంతో నేను గది వదిలితే తను వచ్చేది, తను వదిలితే నేను వెళ్ళేదాన్ని. మేడ మీద బట్టలు ఆరేయడానికి కూడా ఇద్దరం కలిసే ఎక్కేవాళ్ళం, ఒకరి మీద ఒకరం కళ్ళేసుకుని. అంత కాపలాలోనూ రొయ్యలు తగ్గుతూనే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్న మామాకి తలంటి, గోళ్ళు తీయడం నా పని. ఆ శుక్రవారం గోరింటాకు పండిన ఆ ముడతల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తుంటే, వాసన కొట్టింది. సబ్బు వాసన కాదు, అత్తరు కాదు. మా అమ్మ చేతి వాసన. గోరు సందున రాగిరంగు పొట్టు కూడా ఉంది. గట్టిగా పిలిస్తే మేడం వింటుందని, గుమ్మం దగ్గరికెళ్ళి అక్కకి సైగ చేశాను. అక్క వచ్చి వంగి ఆ అరచెయ్యి వాసన చూసింది. మళ్ళీ నేను చూశాను. ముసలావిడ చెయ్యి లాక్కోలేదు. మేమిద్దరం మేడ మీద ఒకరికొకరం కాపలా కాస్తుంటే, కింద మా గదిలో కాపలా ఎవరున్నారని అప్పుడు గానీ తట్టలేదు మాకు. భయపడుతుంది పాపం అనుకున్నాను. ఆవిడ అక్క వైపు తిరిగి, తాపీగా, "అయిపోవచ్చాయి. మళ్ళీ ఎప్పుడు తెస్తావు?" అంది.

మామా పుట్టిల్లు సముద్రపొడ్డున అరాద్. వాళ్ళ నాన్న సముద్రంలో తాటిమట్టల దడి కట్టి చేపలు పట్టేవాడట, వాళ్ళమ్మ డాబా మీద చాపలు పరిచి రొయ్యలు ఎండబెట్టేదట, ఆ చాపలకి కాకులు తోలడం ఈవిడ పనట. రిఫాకి వచ్చాక సముద్రమే లేదు. ఆపైన రక్తపోటని డాక్టరు ఉప్పు మాన్పించాడు, మేడం ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది, పూటపూటకీ చప్పటి సూపు. దాన్ని నేను చెంచాతో నోటి దగ్గర పెడితే ఆవిడ పెదాలు బిగించేసేది, మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది.

నేను మేడంకి చెప్పేద్దామన్నాను. రేపు ముసలావిడకి ఏమైనా అయితే మన పీకల మీదకొస్తుంది అన్నాను. అక్క ఒప్పుకోలేదు. తన రొయ్యలు పొగలో ఎండబెట్టినవనీ, ఉప్పు వేయలేదనీ నా నాలుక మీద ఒకటి పెట్టి మరీ చూపించింది. ఆవిడ పెట్టెలోంచి నేను రుచి చూసిన మొదటి రొయ్య అదే. ఆ మధ్యాహ్నం నుంచి చప్పటి సూపులో చిటికెడు రొయ్యపొడి పడింది. మామా గిన్నె నాకేసేది. కానీ మమ్మల్ని నమ్మేది కాదు సుమండీ! మాలో ఎవరైనా మేడంతో మాట్లాడుతుంటే చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి మధ్యలో కూర్చునేది.

ఖాళీ గిన్నెలు చూసి మేడంకి అనుమానం వచ్చింది. రాకుండా ఉంటుందా! ఒకరోజు వంటింట్లోకొచ్చి, గరిటెతో సూపు తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే మింగలేదు, నాలుక మీద అటూ ఇటూ తిప్పింది.  గరిటె కింద పెట్టి అక్కని ఒకే ఒక్క మాట అడిగింది.

"నీ సెలవు ముందుకి జరిపితే వెళ్తావా?"

సెలవంటే పంపించేయడానికి పెద్దింటి వాళ్ళు వాడే మెత్తటి మాట అని మాకు తెలుసు. అక్క దిండు గలేబుతో సహా అన్నీ సర్దేసింది. మిగిలిన రొయ్యల మూట నా చేతిలో పెట్టి, "మామాకి చిటికెడే, నువ్వూ ఓ చిటికెడు తిను" అని కారెక్కింది. ఎయిర్‌పోర్టుకి మేడమే తీసుకెళ్ళింది. ఆ వేళ నేను ఏడ్చినట్టు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఏడుస్తూనే రేపు నా వంతనుకుని నా పెట్టె కూడా దులిపి పెట్టుకున్నాను.

అక్క వచ్చింది. నెల్లాళ్ళ తర్వాత, వెళ్ళినప్పటికన్నా పెద్ద పెట్టెతో. ఎప్పుడూ గుమ్మం దగ్గరికి రాని మేడం ఎదురెళ్ళి, "యల్లా, విప్పు" అంది. అడుగు నుంచి పై దాకా రొయ్యల పొట్లాలు. మేడం ఒకటి తీసి వాసన చూసి, చీరాసారె తెచ్చిన పుట్టింటి మనిషిలా తీసుకెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టింది. ఎయిర్‌పోర్టుకి వెళ్తూ కారులో మేడం అన్న మాట అక్క నాకు అప్పుడు చెప్పింది: అవి ఇక్కడ దొరకవు, నీకు తెలిసిన చోట ఉప్పు తగలనివి చూసి తీసుకురా, మా అమ్మ అన్నం తింటోంది అని. ఆ ముక్క నెల ముందే చెప్పుంటే నేను అన్ని కన్నీళ్ళు దండగ చేసేదాన్ని కాదు కదా!

మామా పోయే దాకా ఆ సూపే తాగింది. బాహాటంగా పెట్టినా, మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక మా గదిలోకొచ్చి మంచం కింద చెయ్యి పెట్టడం మాత్రం మానలేదు. అక్క ఆ పెట్టెకి తాళం వేయించలేదు. ఆవిడ తన దేశం వెళ్ళిపోయాక నేను ఇళ్ళల్లో పని మానేసి ఈ హూరా ఫ్లాట్లోకొచ్చాను.

ఇక్కడ మేం అందరం మన వైపు ఆడవాళ్ళమే. మంచివాళ్ళే. ఎవరి బీరువాకి వాళ్ళకి తాళం, ఎవరి పెట్టెకి వాళ్ళకి అంకెల తాళం, ఎవరి తిండి వాళ్ళకి ఫోన్లో చెబితే గుమ్మంలోకి వస్తుంది. పెట్టెలో పచ్చళ్ళు మోసుకొచ్చేవాళ్ళు లేరు, అన్నీ కొట్లో ఉన్నాయి. దేనిమీదా ఎవరికీ పేచీ లేదు. ఒకరినొకరు అనుమానించుకోరు, ఎందుకంటే పక్క మంచం మీది మనిషి ఏం తింటుందో ఎవరికీ తెలియదు.

కొన్న రొయ్యల పొట్లాన్ని నేను బీరువాలో పెట్టలేదు. సీసాలో పోసి, అందరి వంటింట్లో పొయ్యి పక్కన, మూత వదులుగా పెట్టి ఉంచాను. ఎంతవరకు ఉన్నాయో గుర్తుకి సీసాకి దారం కట్టాను. పొద్దున్నే లేచి మొహం కడగకుండా వెళ్ళి చూస్తున్నాను. ఈ రోజు కూడా చూశాను. ఒక్కటీ తగ్గలేదు.