ఏడాది మొక్క

మిరప శాస్త్రీయనామం కాప్సికమ్ అన్నువమ్. గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను. అందులో రెండో మాట లాటిన్ విశేషణం, ఏడాదికి చెందినదని అర్థం. పుంలింగంలో అన్నువస్, స్త్రీలింగంలో అన్నువా, నపుంసకంలో అన్నువమ్. షష్ఠిలో అన్నువీ, అన్నువే, మళ్ళీ అన్నువీ. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలేగా, ఆ శబ్దాలు వల్లించినట్టే ఇదీ బట్టీ పట్టేస్తారు. చివర్లో నా గొప్ప ఒకటి: "పేరు పెట్టినవాడు పొరబడ్డాడర్రా! మిరప ఏడాది మొక్క కాదు, వదిలేస్తే నాలుగేళ్ళు బతుకుతుంది." అది చెప్పేటప్పుడు నాకెంత పొగరో!

ఆ పొగరే మా అక్క కొంప ముంచింది.

అక్కా బావా ఒంగోలు అవతల ఒక పల్లెలో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసేవారు. ఏటా ఉగాదికి ముందు, పంట చూసి, పొలం గల ఆసామి మళ్ళీ కౌలుకిచ్చేవాడు. వాళ్ళకున్న ఆధారమంతా ఆ చేనే. పోయినేడు కాపుకు రాకముందే ఓ మూల మొక్కల ఆకులు ముడుచుకున్నాయి. అక్క ఫోన్ చేసింది.

"ఏమేవ్, బొబ్బర తెగులొచ్చిందే. మీ బావ ఆ మొక్కలు పీకి తగలబెడదామంటున్నాడు. పీకేదా?"

"పీకొద్దే. అదేమన్నా ఏడాది మొక్కా? కొమ్మలు తుంచండి, మళ్ళీ చిగురేస్తుంది."

చేను చూడలేదు, ఒక్క ఆకైనా చూడలేదు. చెప్పేశాను.

చిగురేసింది కూడా, నా ఖర్మ! ఆ లేత చిగుళ్ళ మీదే, తెగులు మోసే తెల్లదోమ వాలింది. నెల తిరక్కుండా చేనంతా ముడుచుకుపోయి, తెగులు పక్క చేలోకీ పాకింది. నేను వెళ్ళేసరికి పక్క చేను రైతు గట్టు మీద నిలబడి అరుస్తున్నాడు. ఆసామి కూడా వచ్చి ఉన్నాడు.

"పీకొద్దన్న మహానుభావుడెవడో చెప్పమ్మా!" అన్నాడు ఆసామి అక్కతో.

నేను అక్క వెనక్కి తప్పుకున్నాను.

"నేనేనండి," అంది అక్క. "చదువూ సంధ్యా లేనిదాన్ని, నాకేం తెలుసు?"

చేను ఇక వేరేవాళ్ళకిస్తానని ఆసామి అక్కడే తేల్చేశాడు. వాళ్ళు వెళ్ళాక ఏడుస్తూ అడిగాను, ఎందుకే అలా అన్నావని.

"నువ్వు పిల్లలకి పాఠం చెప్పుకోవాలి గదే," అంది.

ఈ ఏడు అక్క అదే చేలోకి కూలికి వెళ్ళి కాయలు కోస్తోంది. పీకొద్దన్నది అక్కేనని ఊరంతా ఇప్పటికీ తిడుతోంది. కాదని చెప్పడానికి నేను వెళ్ళలేదు. వెళ్తానన్న నమ్మకమూ నాకు లేదు.