ఆమేన్ లేని పాట

దీవెనమ్మ కాలు ఊరుకోదు. గవరపాలెంలో తన కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు తొక్కిందంటే అర్థముంది. చర్చిలో పాడే క్వయర్‌లో నిలబడినా తొక్కుతూనే ఉంటుంది. ఆడవాళ్లలో కింది గొంతు ఆల్టోల వరసలో చివరన ఆమె, ఆమె వెనక మెట్టు మీద మగవాళ్ల అడుగు గొంతు బాస్‌లో నేను. ఏళ్ల తరబడి ఆమె మడమ చప్పుడు వింటూనే పాడుతున్నాను. "సెల్లెమ్మా, ఇక్కడ జాకెట్లేవీ కుట్టక్కర్లేదు" అని ఏడిపిస్తే నవ్వేది. పోయినేడాది నుంచి నవ్వడం మానేసింది. కాలు మాత్రం మానలేదు.

నా పేరు ధనరాజ్. రైల్వేలో టికెట్లు కొట్టి రిటైరయ్యాను. కోపం ఎక్కువ, గొంతు లావు. ఈ రెంటినీ భరించే చోటు చర్చిలో బాస్ వరస ఒక్కటేనని మా ఆవిడ అంటుంది.

మా సంఘంలో దీవెనమ్మకు ఒక పని ఉంది. ఎవరూ అప్పగించలేదు, అలా అలవాటైపోయింది. పాటైనా ప్రార్థనైనా ముగిసిందంటే ఆమేన్ ఎత్తేది ఆమే. ఆమె 'ఆ' అనగానే అందరం అందుకుంటాం. పెళ్లిలో ఆమేన్ పడితే భోజనాలకు లేస్తాం. సమాధుల దగ్గర ఆమేన్ పడితే మట్టి వేస్తాం. ఇక అయిపోయిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు, ఆ మాట వినబడితే మా చేతులు వాటంతటవే పనిలో పడతాయి.

పోయినేడాది ఆమె తమ్ముడు ఎలియాజరు పోయాడు. పనిచేసే మందుల కంపెనీలో రియాక్టర్ పేలింది. పెట్టెలో పెట్టి, మేకులు కొట్టి, తెరవొద్దని చెప్పి పంపించారు. ఆ రోజు ఒకటే వాన. కంపెనీ తరఫున వచ్చిన ఇద్దరు గొడుగుల కింద నిలబడి మాటిమాటికీ ఫోన్లు చూసుకుంటున్నారు. ఎలియాజరు భార్య సుజి పెట్టె మీద చెయ్యి వేసి, "ఒక్కసారి మొకం సూపించండి. ఒక్కసారి సూత్తాను" అంటోంది. అరవడం లేదు, అడుగుతోంది. పాస్టర్‌గారు ప్రార్థన ముగించారు. దీవెనమ్మ కళ్లు మూసుకునే ఉంది. ప్రార్థన ఆగిందని చెవికి తెలిసింది, నోరు తెరుచుకుంది, ఆమేన్ ఎత్తేసింది.

కావాలని కాదు. ఆ దేవుడికి తెలుసు, మాకూ తెలుసు. కానీ సంఘం అందుకుంది. సుజి చేతిని ఎవరో పక్కకు తీశారు, తాళ్లు వదిలారు, పారలు లేచాయి. మట్టి పడుతున్నా సుజి అడుగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి సుజి తన వదినతో మాట్లాడదు. ఒకే ఇంట్లో చెరో వాటా, ఇద్దరికీ కలిపి ఒకటే కుళాయి. బిందె నిండితే సుజి పక్కకు తప్పుకుంటుంది, అంతే. "తిట్టినా బాగుణ్ణు అన్నియ్యా" అంది దీవెనమ్మ ఒకసారి నాతో. నాకు ఓదార్చడం చేతకాదు, కసరడమే వచ్చు.

ఏడాది తిరిగి వస్తోందనగా రోనాల్డ్ దిగాడు. మా సంఘం కుర్రాడే, సబ్బవరం వైపు ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరు. హెడ్‌ఫోన్స్ మెళ్లో లేకపోతే వాణ్ని గుర్తుపట్టలేం. ఎలియాజరు జ్ఞాపకార్థం ఒక పెద్ద పాట కట్టానన్నాడు. దాన్ని రిక్వియం అంటారట, చనిపోయినవాళ్ల కోసం పాడేదట. సంఘపెద్ద పరదేశి గారు వెంటనే అడ్డుపడ్డారు. "మనం పోయినోళ్ల కోసం పాడం కదరా. ఉన్నోళ్ల ఆదరణ కోసం పాడతాం."

"ఇందులో ఆదరణ లేదు తాతయ్యా" అన్నాడు వాడు తల దించుకుని. ఎలా ఒప్పుకున్నారో ఒప్పుకున్నారు.

ఉన్నమాట చెప్పాలి. మొదటిరోజు విన్నప్పుడు కీబోర్డు పాడైందనుకున్నాను. పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి నొక్కితే ఎలా ఉంటుందో పాటంతా అలాగే ఉంది. బాసులం మేము అడుగున మిషన్లు తిరుగుతున్నట్టు మూలగాలి. మగవాళ్లలో పై గొంతు టెనర్లు గుసగుసలాడాలి. ఆడవాళ్లలో పై గొంతు సోప్రానోలు సైరన్ మాదిరిగా పైకి పోయి అక్కడే ఉండిపోవాలి. "ఇది పాటా, పంటినొప్పా?" అన్నాను. నవ్వలేదు వాడు.

చివర్లో ఒక్కో వరసా ఆగిపోతుంది. మిగిలేది దీవెనమ్మ ఒక్కతే. 'ఎక్కడ' అనే ఒక్క మాట, ఎటూ దిగని ఒక్క స్వరం మీద పట్టుకుని ఆపేయాలి. కీబోర్డూ ఉండదు. "నేను చెయ్యి దించేదాకా ఎవరూ ఏమీ అనకూడదు. ఆమేన్ లేదు" అన్నాడు రోనాల్డ్.

రిహార్సల్ జరిగినన్ని రోజులూ అక్కడికొచ్చేసరికి దీవెనమ్మ కాలు జోరందుకునేది. స్వరం పక్కనున్న తీపి స్వరంలోకి జారిపోయేది, వెంటనే 'ఆ' అని ఎత్తేసేది.

"అత్తా! ఆమేన్ లేదు."

"నాకు తెల్దేటి? నోరు ఆగట్లేదురా."

ఒకరోజు రిహార్సల్ అయ్యాక బయట మెట్ల మీద కూలబడింది. రోడ్డు మీద బెల్లం లారీ ఒకటి ఇరుక్కుని ఒకటే హారన్. "పాటని అలా ఇప్పేసి వదిలేత్తే నాకు ఊపిరాడట్లేదు అన్నియ్యా. ఆ పెట్టే కనబడతంది. గబుక్కున మూసేయాలనిపిత్తంది."

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికెళ్లి రోనాల్డ్‌ను పట్టుకున్నాను. "ఆ ముక్క ఇంకెవరికైనా ఇవ్వరా. మనిషిని సంపుతావేటి?"

"ఇచ్చేస్తాను అంకుల్, నాకూ భయంగానే ఉంది" అన్నాడు పాపం.

దీవెనమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఎవులికీ ఇవ్వద్దు. సుజి వత్తానందట. ఆ పిల్ల ముందర మళ్లీ ఆమేన్ అనేసేననుకో, ఇంక ఈ గుమ్మం ఎక్కను. అనకుండా ఉండగల్నో లేదో నాకు తెలియాలి."

ఆదివారం సాయంత్రం చర్చి నిండిపోయింది. నిశ్శబ్దం కావాలని రోనాల్డ్ ఫ్యాన్లు ఆపించాడు. ఉక్కకు చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. సుజి నడవ పక్కన బెంచీ చివర హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాట మొదలయ్యింది. జనం కదులుతున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో ఏడుస్తున్న పాపను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయారు. నేను మూలుగుతూనే ముందున్న మడమను చూస్తున్నాను. అది మెట్టును దడదడలాడిస్తోంది.

టెనర్లు ఆగారు. మేం ఆగాం. సోప్రానోలు, మిగతా ఆల్టోలు ఆగారు.

'ఎక్కడ' అంది దీవెనమ్మ.

మడమ ఆగిపోయింది. ఇన్నేళ్లలో అది ఆగడం నేను చూడలేదు. స్వరం జారలేదు. ఊపిరి అయిపోయేదాకా పట్టుకుని వదిలేసింది. నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు. రోనాల్డ్ చెయ్యి గాలిలోనే ఉంది.

అప్పుడు ముందు బెంచీలోంచి పరదేశి గారు 'ఆ...' అని ఎత్తారు. పెద్దాయన తప్పేం లేదు, జీవితకాలపు అలవాటు. వెనక నలుగురైదుగురు అందుకోబోయారు. కొందరి చేతులు అప్పుడే బ్యాగుల మీదికి పోయాయి.

దీవెనమ్మ బస్సును ఆపినట్టు అరచెయ్యి ఎత్తింది. "ఆగండి! ఇంకా అవనేదు."

చర్చిలో ఆమె మామూలు గొంతుతో గట్టిగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు.

"ఆ పిల్ల అడుగుతుంటే నేను ఆమేన్ అనేసేను. ఆ పిల్ల అడగడం అవనేదు. సుజీ, ఇప్పుడడుగు. ఎవులూ అడ్డురారు."

సుజి బ్యాగ్ బెంచీ మీద పెట్టి లేచింది.

"ఒక్కసారి మొకం సూత్తానన్నాను వదినా. అంతే కదా నేనడిగింది."

"అంతేనే."

"ఎందుకు సూపించనేదు?"

"తెల్దే. తెరవొద్దన్నారు, మేం ఊరుకున్నాం. మాలో ఒక్కలూ ఎందుకని అడగనేదు."

సుజి ఏడ్చింది. ఏడాదిగా ఏడవని మనిషి బెంచీ పట్టుకుని గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. దీవెనమ్మ మెట్లు దిగి వెళ్లి పక్కన నిలబడింది. ముట్టుకోలేదు, ఊరుకోమనలేదు. పాస్టర్‌గారు ప్రార్థనకు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఆమేన్ పడలేదు కాబట్టి ఎలా లేవాలో మాకు తెలియలేదు. ఉక్కలో, చెమటలో, పిల్లలతో సహా అలాగే కూర్చుండిపోయాం. రోనాల్డ్ చెయ్యి ఎప్పుడు దించాడో ఎవరూ చూడలేదు. కిటికీల్లో వెలుగు తగ్గిపోతున్నా లైట్లు వేయడానికి కూడా ఎవరూ కదల్లేదు.

చివరికి సుజి కొంగుతో మొహం తుడుచుకుంది. బ్యాగ్ తీసుకుంది.

"పద వదినా" అంది. "ఇంటికెళ్దాం."

అప్పుడు లేచాం అందరం.