ఇన్షిరా విప్పిన పచ్చతీగ

అలెగ్జాండ్రియాలో, మొహర్రం బే పేటలో, కరెంటు పని చేసే ఆడమనిషి ఇన్షిరా ఒక్కతే. భర్త రిఫాత్‌దీ అదే పని. మెయిన్ ఆపేశాను కదా అన్న ధీమాతో బోర్డులో చెయ్యి పెట్టి పోయాడు. మెట్లగదిలోంచి ఎవడో దొంగతనంగా లాగిన రెండో లైను అందులో ఉంది. అతని టెస్టరులో దీపం పాడై ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. అప్పటికి ఇన్షిరాకి ముప్పై ఎనిమిదేళ్లు. ఏడాది తిరక్కుండానే అతని సంచీ భుజాన వేసుకుంది. చెయ్యి తిరిగిన పనివాళ్లని పిలిచినట్టే ఆమెనీ "ఉస్తా" అని పిలిచేవాళ్లు, మొదట్లో ముసిముసిగా నవ్వుతూ. మగవాళ్లు ఇంట్లో లేని వేళ బోర్డు చూడాలంటే ఆమే దిక్కని తెలిశాక నవ్వడం మానేశారు.

ఆమె పద్ధతి చూసేవాళ్లకి చాదస్తంగా ఉండేది. ముందు గాజులూ ఉంగరమూ తీసి రుమాలులో కట్టేది. కాళ్లకి రబ్బరు బూట్లు, వాటి కింద పొడి చెక్క. మెయిన్ ఆపాక కూడా, వోల్టులు కొలిచే తన చేతి మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో మెట్ల దగ్గర కరెంటున్న ప్లగ్గులో చూసుకునేది. తర్వాత బోర్డులో ఒక్కో తీగా చూసేది. మళ్లీ వెళ్లి ఆ ప్లగ్గులోనే చూసేది. అప్పుడు కూడా, కరెంటు గుండెలోంచి పోకుండా, ఎడమ చెయ్యి వీపు వెనకే.

"ఏంటి పిన్నీ, నమాజుకి ముందు కాళ్లు కడుక్కున్నట్టు ప్రతిదీ మూడేసిసార్లా?" అంది సఫీనాజ్, మొదటిరోజు.

సఫీనాజ్ బడిలో లెక్కల టీచరు. హాజీ షహాతా కొత్తగా కట్టిన పదకొండు అంతస్తుల మేడలో ఐదో అంతస్తులో భర్త ఇహాబ్‌తో, నాలుగేళ్ల కూతురితో అద్దెకుంటోంది. బట్టలుతికే మిషను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఇన్షిరాని పిలిచింది. ఇహాబ్ కూడా ఆ వేళ ఇంట్లోనే ఉన్నాడు, టీవీ ముందు.

బోర్డు కొత్తది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పచ్చా పసుపూ చారల ఎర్తు తీగ బోర్డులోని ఇత్తడి పట్టీకి గట్టిగా బిగించి ఉంది. ఇన్షిరా మెయిన్ ఆపి, ఆ పట్టీ మీద మీటరు పెట్టింది. తొంభై వోల్టులు. ఇంట్లో కరెంటే లేదు, ఎర్తులో తొంభై.

ఆమె కింద మీటర్ల గదికి దిగింది. పదకొండు అంతస్తుల పచ్చతీగలూ ఒకచోట కలిసి, ఒక లావాటి తీగై గోడలోకి పోయాయి. పెచ్చు గీకి చూస్తే, జానెడు లోపల ఆ తీగ కత్తిరించి ఉంది. ఆ మేడకి ఎర్తే లేదు.

పైకొచ్చి సఫీనాజ్‌కి చెప్పింది. "అసలు తీగ లేకపోతే ఎవరింటి బాధ వాళ్లది. ఇది దానికంటే చెడ్డదమ్మా. ఎవరింట్లో గీజరు పాడైనా, ఆ కరెంటుకి నేలలోకి దారి లేదు. ఈ తీగ పట్టుకుని అందరి మిషన్లలోకీ వస్తోంది."

"షాక్ కొడితే ఆగిపోయే బ్రేకరు ఉందిగా?"

"నీ ఇంట్లోంచి కారే కరెంటునే అది పసిగడుతుంది. ఇది ఇంకొకళ్లింటిది. దానికి తెలీదు."

ఇన్షిరా ఆ తీగని పట్టీ నుంచి విప్పి, కొసకి టేపు చుట్టి, పక్కన కాగితం అంటించింది: కింద ఎర్తు లేదు, ఈ తీగ కలపొద్దు. "హాజీ నేలలో రాడ్డు దింపించేదాకా ఇలాగే ఉండనీ. అందాకా నీ ఇంట్లో కరెంటు కారితే నీ బ్రేకరు నిన్ను కాస్తుంది," అంది. ఇహాబ్ లేచొచ్చి, ఆమె తీగ విప్పడం చూసి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

మిగతా అంతస్తుల తలుపులూ తట్టింది. హాజీ చెబితే చూద్దాం అన్నారు. హాజీ షహాతా వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. అంతా విని, గ్లాసు కింద పెట్టాడు.

"మొగుడు తీగ పట్టుకుని పోయాడని, నీకు ప్రతి తీగలోనూ వాడే కనిపిస్తున్నాడమ్మా. పో, ఇంటికెళ్లి చిక్కుళ్లు వండుకో."

తొమ్మిది రోజుల తర్వాత హాజీ పంపిన మనిషి ఐదో అంతస్తుకి వెళ్లాడు. సఫీనాజ్ బడిలో ఉంది. "ఎర్తు తీగ ఎవరు విప్పారు? మిమ్మల్ని చంపుదామనా?" అంటూ కాగితం చింపేసి తీగ కలిపాడు. తీగ కలిపినట్టు ఇహాబ్ అతని పుస్తకంలో సంతకం పెట్టాడు. భార్యతో చెప్పాలని తోచలేదు. ఈ సంగతంతా ఇన్షిరాకి చాలా తర్వాత వాకిలి కాపలావాడు చెప్పాడు.

రెండు రోజులకి శుక్రవారం. పొద్దున్నే సఫీనాజ్ తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి మిషను మూత తీసింది. అంతే.

శనివారం హాజీ మీటర్ల గది పక్కన గొయ్యి తీయించి, నిలువెత్తు రాగి రాడ్డు దింపించి, తీగ కలిపించి, పైన సిమెంటు పూయించాడు. సోమవారం కరెంటు ఆఫీసు ఇంజనీరు విచారణకొచ్చాడు. తీగ విప్పినందుకే ఆ చావు జరిగిందని పోలీసులు పట్టుకెళ్లిన ఇన్షిరాని ఠాణా నుంచి తీసుకొచ్చి అందరి ముందూ నిలబెట్టారు.

"ఎర్తు తీగ విప్పింది నువ్వేనా?"

"నేనే. అది ఎర్తు కాదు కాబట్టి విప్పాను."

"ఇప్పుడే కొలిచాను. శుభ్రంగా ఉంది ఎర్తు."

"ఈ సిమెంటు ఇంకా తడిగా ఉందయ్యా. ముట్టుకుని చూడండి."

"అలెగ్జాండ్రియాలో చలికాలం కదమ్మా. అన్నీ తడిగానే ఉంటాయి." అతను వంగలేదు.

"ఇందాక పైన బోర్డులో చూశాను, ఆ తీగ ఎవరో మళ్లీ కలిపారు. ఎప్పుడు కలిపారో ఈ ఇంటాయన్ని అడగండి."

ఇంజనీరు ఇహాబ్ వైపు తిరిగాడు. ఇహాబ్ ముందు హాజీని చూశాడు, తర్వాత తన చెప్పుల్ని. "మా ఆవిడ పోయాకే కలిపారు," అన్నాడు. "విప్పింది మాత్రం ఈవిడే. నేను కళ్లారా చూశాను."

ఇన్షిరాకి లైసెన్సు లేదు. జైలా, సంతకమా అన్నారు. ఇకమీదట ఎవరింటి బోర్డూ ముట్టుకోనని రాసిచ్చింది. సఫీనాజ్ వాళ్లమ్మ బజారులో ఎదురుపడి, ముఖం మీద ఉమ్మేసి పోయింది. పదిహేనేళ్లుగా పిలిచిన ఆడవాళ్లు పిలవడం మానేశారు. ఇన్షిరా ఒక దర్జీ దగ్గర బొత్తాలు కుట్టే పనికి కుదిరింది. ఆ మేడకి మాత్రం మంచి ఎర్తు అమరింది. అందులో ఇంకెవరికీ జివ్వుమన్లేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఇహాబ్ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది.

"ఇల్లు మారాను, ఉస్తా. పాపని వాళ్ల అమ్మమ్మ దగ్గర్నుంచి తెచ్చుకోవాలి. ఆ బోర్డు ఒకసారి చూస్తావా? ఇంకెవర్నీ నమ్మలేను."

"ఆ రోజు ఆ మాట ఎందుకన్నావు?"

"సంతకం నాది కదా," అన్నాడు. "హాజీ ఆ పుస్తకం చూపించి, తీగ కలిపించింది నువ్వేగా అన్నాడు."

ఇన్షిరా తలుపు వేసెయ్యాలనుకుంది. పాపకి అమ్మ పోలికే వచ్చిందా అని అడగాలనీ అనుకుంది. రెండూ చెయ్యకుండా, మంచం కిందనుంచి సంచీ లాగింది.

కొత్త ఇంట్లో రెండు గంటలు పట్టింది. కింద రాడ్డు దాకా వెళ్లి, తీగ చివరంటా చూసి వచ్చింది. అంతా సవ్యంగానే ఉంది. అతను పెట్టిన టీ ముట్టుకోలేదు.

"భయం లేదు. తెచ్చుకో పాపని," అంది. "నేను చూశానని మాత్రం ఎక్కడా చెప్పకు."

"చెప్పను," అన్నాడు ఇహాబ్ వెంటనే.

ఆ మాటకి అతను క్షణం కూడా ఆలోచించలేదు. ఆమె మెట్లు దిగి ట్రాము ఎక్కింది.