మూసిన దారి

మదనపల్లెలో కారు మాట్లాడుకుని ఒక్కదాన్నే కుప్పం బయల్దేరాను. పుంగనూరు దాటిన కాసేపటికి డ్రైవరు నాగరాజప్ప పెద్ద రోడ్డు వదిలి ఒక ఊరి దారి పట్టాడు. నా ఫోన్‌లో మ్యాప్ చూస్తే ఆ దారి మూసేశారని ఉంది. భయం వేసి, కారు నంబరు మా చెల్లికి పంపేశాను.

"ఈ రోడ్డు మూసేశారట కదా, ఎందుకు ఇటు తిప్పారు?" అని గట్టిగానే అడిగాను.

"యాడా మూయలేదమ్మా. మేమే అట్ల పెట్టినాం."

నా అనుమానం ఇంకా పెరిగింది. "మేమంటే ఎవరు?"

"మా డ్రైవర్లమే. ఇది మా ఊరు. ఫోన్ సూసుకోని టమోటా లారీలన్నీ అడ్డదారని ఈడే దూరతా ఉండె. బడి గేటు రోడ్డు మీదనే ఉండాది. ఒక పాపకు కాలు ఇరిగినాక, అందరం కలిసి ఫోన్ మ్యాపులో దారి మూసినారని నొక్కినాం. ఇప్పుడు లారీలు రావు."

ముందు నిజంగానే బడి కనిపించింది. పిల్లలు గేటులోంచి నేరుగా రోడ్డు మీదికే పరుగెత్తుకొస్తున్నారు. అతను కారు ఆపి, చివరి పిల్ల దాటేదాకా కదల్లేదు. అయినా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. వీళ్లు ఇలా ఇంకెన్ని దారులు మూశారో అనుకున్నాను.

ఊరు దాటగానే నా ఫోన్ మోగింది. 'ఈ దారి ఇంకా మూసే ఉందా?' అని మ్యాప్ అడుగుతున్నది పైకే చదివాను. నాగరాజప్ప అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఈసారి అనుమానించడం అతని వంతయింది.

"ఏం నొక్కతారమ్మా?" అన్నాడు మెల్లగా.

'అవును' అని నొక్కి, ఫోన్ అతని వైపు తిప్పి చూపించాను.