ఉయ్యాల మీద తేనెటీగలు

దర్శిలో మేము అద్దెకున్న ఇంటావిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. భర్త పోయాక, ఆయన పెరట్లో పెంచుకున్న తేనెటీగల పెట్టెల పని ఆమె మీద పడింది. ఆమెకేమో తేనెటీగలంటే చచ్చేంత భయం. ఎండాకాలం పెట్టెల మీద తడి గోనెపట్టాలు కప్పాలన్నా, వానల్లో ఈగలకు మేతగా పంచదార పాకం పెట్టాలన్నా, పత్తి పూశాక తేనె తీయాలన్నా, ముందు కాసేపు నిలబడి అరచేతులు చీరకు తుడుచుకునేది. "భయమేస్తోందే అమ్మా" అని పైకే అనేది. అని, మూత తీసేది.

మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం పెట్టెలోంచి ఈగల గుంపు లేచి, వేపకొమ్మకు కట్టిన మా చీర ఉయ్యాల అంచున ముద్దగా వాలింది. లోపల నా కూతురు నిద్రపోతోంది. నేను కేక పెట్టబోతే ఆమె నా నోరు నొక్కేసింది.

"అరవమాకే. బెదిరాయంటే పిల్ల మీద పడతాయి."

అరచేతులు తుడుచుకుని, ఉయ్యాలలోకి చేతులు పెట్టింది. ఈగలు మోచేతుల దాకా పాకాయి. ఒకటి కనురెప్ప మీద కుట్టింది. కన్ను మూసుకుందేగాని చేతులు వెనక్కి తీసుకోలేదు. పిల్లను మెల్లగా పైకి తీసి నాకందించి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పిల్ల మాత్రం లేవనేలేదు.

పొద్దుగూకే వేళకు, వాచిన కంటితోనే, ఆ గుంపును ఖాళీ పెట్టెలోకి ఎక్కించింది.

"వీటిని ఎవరికైనా ఇచ్చెయ్యండి పిన్నిగారూ" అని బతిమాలాను.

"ఎవరికిచ్చేదే? నాలాగా భయపడుతూ చూసుకునేవాళ్లు దొరకొద్దూ?" అంది.