పూలజడ ఫొటోలో చెయ్యి

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి మా ఆయన జంకితే పదిమందిలో ఏడిపించేదాన్ని. ఇది చదివాక ఏడిపించే వంతు ఆయనది.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఎప్పుడూ ఫొటో దిగలేదట. ఆమె ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. ఇంత వయసొచ్చినా ఆ బాధ పోలేదు.

నాకున్నదల్లా ఐదో ఏట మండపేటలో తీయించిన నా పూలజడ ఫొటో. వెనక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ కనబడేలా తీసేవారు కదా, అలాంటిదే. జడ వేసి, చెవులకి కొత్త బుట్టలు పెట్టింది అమ్మ అక్క, మా పెద్దమ్మ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఫొటో వెలిసిపోతోందని రాజమండ్రిలో ఒక స్టూడియోకి ఇచ్చాను. ఫ్రేములోంచి తీసి స్కాన్ చేశాక స్టూడియో ఆయన నన్ను పిలిచాడు.

"అద్దంలో ఆ చెయ్యి ఉంచమంటారా, తీసెయ్యమంటారా అండి?"

ఏ చెయ్యి అని వంగి చూశాను. ఇన్నాళ్లూ ఫ్రేము అంచు కింద ఉండిపోయింది. అద్దంలో, బరువుకి వేలాడుతున్న నా జడకుప్పెల్ని ఎత్తిపట్టుకున్న ఆడమనిషి చెయ్యి. ముంజేతి వరకే ఉంది, మణికట్టుకి ఒక గాజు. అద్దం బయట మాత్రం నా వెనక ఎవరూ లేరు.

పెద్దమ్మే పట్టుకుని ఉంటుందనుకున్నాను. ప్రింటు తీసుకుని తణుకు వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను కాదే అమ్మా. నిన్ను నవ్వించడానికి కెమెరా పక్కన నిలబడ్డాను," అంది. ప్రింటు కళ్లకి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "ఈ సొట్ట గాజు మీ అమ్మది. రుబ్బురోలు పొత్రం తగిలి సొట్టపోయింది."

అయినా నా మొండితనం నాదే. అమ్మ పోయాక ఇంకెవరో వేసుకుని ఉంటారన్నాను.

పెద్దమ్మ వేలు ఫొటోలో నా చెవి మీదకి జరిగింది.

"ఎవరేసుకుంటారే? ఆ గాజు కరిగించే కదా నీకీ బుట్టలు చేయించాం."

భయమేసింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. పెద్దమ్మా నేనూ ఆ పూట అన్నం తినలేదు.

ఒకే ఫిల్ము మీద రెండు ఫొటోలు పడి ఉంటాయని తెలిసినవాళ్లు ఒకరన్నారు. ఫొటోయే దిగని మనిషి ఎలా పడుతుంది?

స్టూడియో ఆయనతో చెయ్యి ఉంచెయ్యమన్నాను. ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. అదేంటో నాకు ఈరోజుకీ తెలియదు. మీ అమ్మగారి ఫొటో ఉందా అని ఎవరైనా అడిగితే మాత్రం, లేదని చెప్పలేకపోతున్నాను.